40 ఏళ్ల రికార్డులు ఎక్కడ?

పాతికేళ్ల వయసులో ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో పనికి చేరిన మనిషికి ఆ పని తెచ్చిన జబ్బు అరవై దాటాక గాని బయటపడకపోవచ్చు. రాతినార, అంటే ఆస్బెస్టాస్, పోగులు కంటికి కనిపించనంత సన్ననివి. ఊపిరితో లోపలికి వెళ్లినవి కరగవు. కొన్ని అక్కడే దిగబడి, ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి గట్టిపరుస్తాయి. ఆస్బెస్టాసిస్ అనే ఆ జబ్బును నయం చేసే మందు లేదు. ఊపిరితిత్తుల పైపొరకు సోకే మెసోథీలియోమా క్యాన్సర్ తొలిసారి ధూళి పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు తలెత్తుతుంది. అప్పటికి కార్మికుడు పని మానేసి ఉంటాడు, కొన్నిచోట్ల ఫ్యాక్టరీయే మూతపడి ఉంటుంది.

ఈ జాప్యాన్ని ఎదుర్కొనే ఆదేశాన్ని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చింది. జస్టిస్ కె. రామస్వామి రాసిన ఆ తీర్పు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని ప్రకటించి, ప్రతి ఒక్కరి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని చెప్పింది. 30 ఏళ్లు దాటాయి. ఆ రికార్డులు ఎక్కడున్నాయో, ఎందరివి ఉన్నాయో ప్రభుత్వాలు ప్రజల ముందుంచాలి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పులివెందుల ప్రాంతంలో రాతినార తవ్వారు, హైదరాబాద్ సనత్‌నగర్‌లో దశాబ్దాల పాటు రేకులు తయారుచేశారు. బస్తాలు విప్పినవారిలో, పగిలిన రేకులు ఎత్తిపోసినవారిలో కాంట్రాక్టు కూలీల పేర్లు కాంట్రాక్టరు మస్టరులో తప్ప మరెక్కడా ఉండవు. ధూళి పట్టిన బట్టలను ఇంట్లో దులిపి ఉతికిన భార్యల పేర్లు ఏ మస్టరులోనూ లేవు, వారు పీల్చిందీ ఆ ధూళినే.

ఆయాసంతో ఆస్పత్రికి వచ్చిన వృద్ధుడిని బీడీ తాగుతావా అని అడగడంతో సరిపోదు, ఎక్కడ పనిచేశావని కూడా అడగాలి. అడగకపోతే క్షయగానో ఉబ్బసంగానో చికిత్స సాగిపోతుంది. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ కింద ఆస్బెస్టాసిస్‌ను గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సి ఉండేది. తెలపకపోతే ఆ చట్టంలో జరిమానా వెయ్యి రూపాయల వరకే ఉండేది.

60కి పైగా దేశాలు నిషేధించిన ఈ ఖనిజాన్ని మనం రష్యా వంటి దేశాల నుంచి తెప్పించుకుంటూనే ఉన్నాం. కొత్త గనుల లీజులు 1986లోనే ఆపి, దిగుమతికి తలుపు తెరిచి ఉంచడం సమర్థనీయం కాదు. నిషేధం రావాలనే మేము కోరుతున్నాం. అయితే ఇప్పటికే పీల్చినవారికి దానితో ఒరిగేదేమీ లేదు. వారికోసం రెండు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలు, నడుస్తున్నవి, మూతపడినవి అనే తేడా లేకుండా, రేకుల ఫ్యాక్టరీల హాజరు పట్టీలను, పీఎఫ్, ఈఎస్ఐ ఖాతాలను, దొరికినంత మేర కాంట్రాక్టర్ల మస్టర్లను వెలికితీసి, మాజీ కార్మికులను, వారి భార్యలను పిలిచి ఉచితంగా ఛాతీ స్కానింగ్, ఊపిరి పరీక్ష చేయించాలి. జబ్బు తేలినవారికి పరిహారం ఇప్పించే బాధ్యతను కూడా ఆ శాఖలే తీసుకోవాలి. పాతికేళ్ల కిందటి ఉద్యోగానికి రుజువు తెమ్మని మంచాన పడ్డ మనిషిని తిప్పకూడదు.