ఎర్ర గుర్తు చూసి డీఎల్ఎల్ మార్చకండి

"ప్రోగ్రామ్ ఓపెన్ కావట్లేదా? ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులుంటే వైరస్ ఉన్నట్టే. లాగ్ క్లియర్ చేయండి. రిజిస్ట్రీ క్లీనర్ వాడండి. ఫాల్టింగ్ మాడ్యూల్ అని చూపించిన డీఎల్ఎల్‌ను నెట్ నుంచి దించి సిస్టమ్32లో పెట్టండి. రీస్టార్ట్ చేయండి." ఈ వారంలో నలుగురు నాకు పంపిన మెసేజ్ ఇది. నాలుగో ఆయన అప్పటికే ఫైలు మార్చేశారు. అందుకే రాస్తున్నాను. ఈవెంట్ వ్యూయర్ అంటే విండోస్ తన ఎర్రర్లను రాసుకునే లాగ్‌ను చూపించే టూల్. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఉన్న ఫైలు. సిస్టమ్32 విండోస్ సొంత ఫైళ్లుండే ఫోల్డర్.

బాగా నడిచే కంప్యూటర్‌లోనూ ఎర్రర్లు పడుతూనే ఉంటాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ పేరుతో పడే 10016 నంబర్ ఎర్రర్ లాంటివి వదిలేయొచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. ఫోన్ చేసి ఈ గుర్తులే చూపించి, భయపెట్టి డబ్బు గుంజేవాళ్లున్నారు. వాళ్ల పని మనమెందుకు సులువు చేయాలి? లాగ్ క్లియర్ చేస్తే తప్పు పోదు, ఆధారం పోతుంది. విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ వద్దు, అంతే.

అసలు ప్రమాదం డీఎల్ఎల్ సలహాలో ఉంది. ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు పడే అప్లికేషన్ ఎర్రర్ 1000లో ఫాల్టింగ్ మాడ్యూల్ అంటే ప్రోగ్రామ్ కుప్పకూలిన చోటు. తప్పు అక్కడే మొదలైందని కాదు. ప్రోగ్రామ్ చెడ్డ మెమరీ అడ్రస్ ఇస్తే, దాన్ని అందుకున్న విండోస్ సొంత డీఎల్ఎల్ అయిన ఎన్‌టీడీఎల్ఎల్ పేరు లాగ్‌లోకి ఎక్కుతుంది. ఒక్క నిమిషం ఆలోచించండి: ఆ ఫైలు లేకపోతే అది లోడ్ ఎలా అయింది? లోడ్ కాకుండా అందులో క్రాష్ ఎలా అయింది? ఉన్న ఫైలును, ఎవరు పెట్టారో తెలియని సైట్ నుంచి తెచ్చిన ఫైలుతో మార్చమంటున్నారు! సిస్టమ్ ఫైళ్లను విండోస్ కాపాడుతుంది కాబట్టి పర్మిషన్లు కూడా బలవంతంగా మార్చాలి. వెర్షన్ కలవకపోతే విండోసే లేవకపోవచ్చు. అందులో మాల్‌వేర్ ఉంటే మీ చేతులతోనే లోపలికి తెచ్చుకున్నట్టు.

నిజంగా ఏదో లేకపోతే లాగ్ వేరేలా చెబుతుంది. సైడ్‌బైసైడ్ పేరుతో 33 నంబర్ ఎర్రర్ పడి, అందులో వీసీ (విజువల్ సీ ప్లస్ ప్లస్) పేరుతో అసెంబ్లీ, అంటే ప్రోగ్రామ్‌కు కావాల్సిన ఫైళ్ల గుంపు, దొరకలేదని ఉంటే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆ వెర్షన్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ (ఆ ఫైళ్లను ఇచ్చేది) వేసుకోవాలి. సిస్టమ్ ఫైలే చెడిందని అనుమానమైతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో చెడిన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడపాలి.

రీస్టార్ట్ మాట మాత్రం కొట్టిపారేయలేను. సర్వీస్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్, 30000 మిల్లీసెకన్లలో (30 సెకన్లలో) స్పందించకపోతే 7009 నంబర్ ఎర్రర్ పడుతుంది. బూట్ సమయంలో డిస్క్ బిజీగా ఉండి అలా జరిగి ఉంటే, మరోసారి స్టార్ట్ చేస్తే లేస్తుంది. లాగ్ తెరిచి చూడమనడం కూడా మంచి సలహానే. కాకపోతే లిస్ట్ మొత్తం చూసి టెన్షన్ పడొద్దు. ప్రోగ్రామ్ ఓపెన్ చేయండి, టైమ్ రాసుకోండి, ఆ నిమిషంలో పడ్డ ఎంట్రీలే చదవండి.

మెసేజ్ మళ్లీ పంపాలనిపిస్తే ఆ డీఎల్ఎల్ లైను తీసేసి పంపండి. ఇప్పటికే పంపి ఉంటే, ఎవరికి పంపారో వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.