పెద్దపీట యువతకి, పెద్దాయనకి ప్లాస్టిక్ కుర్చీ

ఇవాళ పొద్దున ఒక బ్యాంకులో చూసిన భాగోతం ఇది. ఏ బ్యాంకో చెప్పను. చెప్పినా పెద్ద తేడా లేదు, నవంబర్లో ఏ బ్రాంచికెళ్ళినా ఇదే సినిమా. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ, పెన్షన్ ఆగకుండా 'బతికే ఉన్నాను' అని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చింది. కౌంటర్ అవతల పాతికేళ్ళ కుర్రాడు వేలిముద్రల మిషన్ ముందుకి తోసి "వేలు పెట్టు మామ్మా" అన్నాడు. పెట్టింది. పడలేదు. "గట్టిగా నొక్కు." నొక్కింది. పడలేదు. "ఇంకా గట్టిగా." గోరు తెల్లబడేదాకా నొక్కింది. మళ్ళీ ఎర్ర లైటే. అతను మిషన్ వెనక్కి లాక్కుని, "పడట్లేదు మామ్మా, రేపు మీ అబ్బాయిని తీసుకుని రా" అన్నాడు.

"మావాడు డల్లాస్‌లో ఉన్నాడు బాబూ."

"అయితే అమ్మాయిని తీసుకురా."

అబ్బాయి వచ్చి ఏం చేస్తాడయ్యా? తన వేలు పెడతాడా? బతికున్నట్టు రుజువు చూపించుకోవాల్సింది ఆవిడ. ఎదురుగా నిలబడింది, మాట్లాడుతోంది, ఆయాసపడుతోంది. అది చాలదు. ఊరందరి ట్రంకాల్స్ కలిపిన వేళ్ళవి. ఇప్పుడా వేళ్ళకి లైను దొరకడం లేదు.

ఆ వేలు పడకపోవడానికి సగం కారణం ఆ "గట్టిగా నొక్కు" అన్న మాటే. వయసు పెరిగేకొద్దీ చర్మంలో జిడ్డు తగ్గుతుంది, సాగే గుణం తగ్గుతుంది, వేలి మీది గీతల ఎత్తు అరిగిపోతుంది. అలాంటి వేలిని అద్దానికేసి అదిమితే ఆ కాస్త గీతలు కూడా అణిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మిషన్‌కి గీతలు కనపడవు, మరక కనపడుతుంది. చేయాల్సింది దానికి సరిగ్గా తిరగేసి. ముందు మిషన్ అద్దం మెత్తని గుడ్డతో తుడవాలి, ఎందుకంటే దాని మీద అంతకుముందు పెట్టిన ముప్పై మంది జిడ్డు ఉంటుంది. తర్వాత చెయ్యి గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పూర్తిగా తుడిచి, వేలు ఒకసారి నుదుటి మీద రుద్దుకోవాలి. ఆ కాస్త జిడ్డు చాలు, విరిగిపోయిన గీతలు మళ్ళీ కనపడతాయి. వేలు పడుకోబెట్టి, మెల్లగా ఆనించి, కదపకుండా ఉంచాలి. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే ఉంగరపువేలు. పదివేళ్ళూ ఆధార్‌లో ఉన్నాయి కదా, ఒక్క బొటనవేలి మీదే ఎందుకంత పట్టుదల? శానిటైజర్ మాత్రం పూయొద్దు. అందులోని స్పిరిట్, వేలికున్న కాస్త జిడ్డుని కూడా లాగేస్తుంది. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే ఇంకా మంచిది. కానీ పొద్దున సబ్బుతో కడుక్కుని వెళ్ళాలి, లేకపోతే అద్దమంతా నూనె.

ఇదంతా కలిపితే నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలు లేవు. పక్క కౌంటర్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి క్రెడిట్ కార్డు అంటగట్టడానికి నలభై నిమిషాలు ఉంటాయి, కాఫీతో సహా.

నిజామాబాద్‌లో బీడీలు చుట్టిన ఆడవాళ్ళ వేళ్ళు, గుంటూరులో జీవితమంతా మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళు, బూడిదతో అంట్లు తోమిన వేళ్ళు: వీటికి గీతలు అరవై రాకముందే పోతాయి. పనిచేసినందుకు శిక్ష అన్నమాట. ఏ పనీ చెయ్యని చేతులకి మాత్రం ముద్ర అచ్చుగుద్దినట్టు పడుతుంది!

సరే, రూల్స్ మాట్లాడుకుందాం, ఎందుకంటే "రూల్ ఒప్పుకోదు మామ్మా" అనేది వీళ్ళ రెండో డైలాగు. జీవన్ ప్రమాణ్, అంటే ఆధార్‌తో లైఫ్ సర్టిఫికెట్‌ని డిజిటల్‌గా ఇచ్చే పద్ధతి, 2014 నవంబర్లో వచ్చిన సౌకర్యం. సౌకర్యం. అంటే కావాలంటే వాడుకోవచ్చు అని. కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ రద్దు కాలేదు. మనిషి ఎదురుగా వచ్చి సంతకం పెడితే, బ్యాంకు ఆఫీసరు చూసి ధ్రువీకరించాలి. అంతే. ఆ పెద్దావిడకి నల్ల ఇంకు పెన్నుతో రెండు నిమిషాల్లో అయిపోయే పని. పైగా 2017 నవంబర్ 9న రిజర్వ్ బ్యాంకు అన్ని బ్యాంకులకీ రాతపూర్వకంగా చెప్పింది: పెద్దవాళ్ళకి విడిగా కౌంటర్ పెట్టండి లేదా ముందు వాళ్ళ పని చూడండి, పెన్షన్ ఇచ్చే బ్యాంకులో ఏ బ్రాంచిలోనైనా లైఫ్ సర్టిఫికెట్ తీసుకోండి, 70 దాటినవాళ్ళకి ఇంటికే వెళ్ళి సేవలందించండి, అడిగితే ఏడాదికి 25 చెక్కులు ఊరికే ఇవ్వండి అని. లైఫ్ సర్టిఫికెట్ తీసుకున్నట్టు రసీదు ఇవ్వాలని కూడా రిజర్వ్ బ్యాంకు విడిగా చెప్పింది. ఆ రసీదు ఎంతమంది చేతిలో పెట్టారో చెప్పండి. రసీదు లేకపోవడం వల్లే కదా డిసెంబర్లో పెన్షన్ ఆగిపోయాక "మీరు ఇవ్వనేలేదు" అని ముఖం మీదే అనగలుగుతున్నారు.

"అయితే ఫోన్లో చేసుకోండి, ముఖం చూపిస్తే చాలు" అంటారు తర్వాత. ముఖంతో చేసే పద్ధతి 2021లో వచ్చింది, మంచిదే, కాదనను. కానీ చెప్పినంత సులువా? రెండు యాప్‌లు దింపుకోవాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, జీవన్ ప్రమాణ్ ఒకటి. మొదటిది దింపాక ఫోన్లో ఎక్కడా బొమ్మ కనపడదు, లోపల్లోపల పనిచేస్తుంది. రాలేదేమోనని మూడుసార్లు దింపేవాళ్ళున్నారు. ఆ తర్వాత ఆపరేటర్, అంటే ఫోన్లో ఈ పని చేసిపెట్టే మనిషి, మొదట తన ఆధార్‌తో, తన ముఖంతో నమోదు కావాలి. అది కొడుకే కానక్కర్లేదు, పక్కింటావిడైనా చాలు, ఒక ఫోన్లో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. ఆ తర్వాతే పెన్షనర్ వివరాలు.

ఓటీపీ కోసం మెసేజుల్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి, జ్ఞాపకం (మెమరీ) తక్కువున్న ఫోన్ అయితే యాప్ మళ్ళీ మొదటికొస్తుంది. (జ్ఞాపకం తక్కువ ఫోన్‌కి, నింద మాత్రం మనిషికి.) యాప్ వదిలి వెళ్ళకుండా పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి నంబర్ చూసుకోండి, గొడవ ఉండదు. ముఖం తీసేటప్పుడు కిటికీకి ఎదురుగా కూర్చోండి, కిటికీ మీ వెనక ఉండకూడదు. కళ్ళజోడు అద్దం మెరుస్తుంటే తీసేయండి. కళ్ళు ఆర్పమంటే టపటపా కాదు, నిదానంగా పూర్తిగా మూసి తెరవాలి.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబర్లో ఒక్క అంకె తేడా పడినా, పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర పక్క పేరు నొక్కినా, యాప్ ఏమీ అనదు. చక్కగా ప్రమాణ్ ఐడీ ఇచ్చేస్తుంది. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అవతల ఆఫీసులో అది తిరస్కరణ అవుతుంది. ఐడీ వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, వారం తర్వాత సైట్లో ఆ ఐడీ కొట్టి అంగీకరించారో లేదో చూసుకోవాలి. సొంత పెన్షనూ, భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షనూ రెండూ వచ్చేవాళ్ళు రెండు పీపీఓలకీ రెండుసార్లు ఇవ్వాలి. ఇదీ ఎవరూ చెప్పరు.

ఇంకో వినోదం, ఆ ఫారంలో "మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా?" అని అడుగుతారు. ఫ్యామిలీ పెన్షన్ రూల్ కాబట్టి అడగాలి, ఒప్పుకుంటా. కానీ మనవడి ముందు కూర్చుని ఎనభై ఏళ్ళావిడ "లేదు" అని నొక్కడం ఉంది చూశారూ... ముసలివాళ్ళ జీవితంలో ఇంకా ఏదైనా జరగొచ్చని ఈ దేశంలో నమ్మేది ఆ ఒక్క ఫారమే.

ఇంకొకడు కూడా ఉన్నాడు నమ్మేవాడు. సైబర్ దొంగ. "నమస్కారం సార్, ఆరోగ్యం ఎలా ఉంది సార్, మీ లైఫ్ సర్టిఫికెట్ గడువు అయిపోతోంది సార్" అని అరగంట విసుక్కోకుండా మాట్లాడతాడు. ఏకవచనం పొరపాటున కూడా రాదు. "మీ అబ్బాయిని పిలవండి" అని అస్సలు అనడు, పిలిస్తే ఫోన్ పెట్టేస్తాడు. వాట్సాప్‌లో ఏపీకే అనే యాప్ ఫైలు పంపి, నొక్కండి సార్ అంటాడు. నొక్కితే ఖాతా ఖాళీ. నొక్కకండి. నొక్కేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టమవుతుంది. కానీ మర్యాద ఎక్కడ దొరుకుతుందో మనిషి అటే వెళ్తాడు కదా, పెద్దవాళ్ళు మోసపోయారని నవ్వేవాళ్ళు ఇది కూడా ఆలోచించాలి.

ఏ మీటింగ్‌లో చూడండి, "యువతకు పెద్దపీట వేస్తాం". వెయ్యండి, వద్దన్నదెవరు? పెద్దపీట అంటే ఒకప్పుడు ఇంటికొచ్చిన పెద్దాయనకి వేసేది. ఇప్పుడాయనకి బ్యాంకు మూల ప్లాస్టిక్ కుర్చీ, అదీ దాని మీద ఎవరూ సంచి పెట్టకపోతే. తెర మీద అరవై దాటిన హీరో పాతికేళ్ళ పిల్లతో స్టెప్పులేస్తే ఈలలు, అదే వయసు మనిషి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే నవ్వులు. అన్నట్టు ఆ అక్షరాలు పెద్దవి చేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లలో "ముందుకు" బటన్ తెర కిందకి జారిపోయి కనపడకుండా పోతుంది, తెలుసా? యాప్ చేసినవాడు దాన్ని పెద్ద అక్షరాలతో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదన్నమాట. వేలు అరసెకను ఎక్కువ ఆనితే "లాంగ్ ప్రెస్" అని ఇంకేదో తెరుచుకుంటుంది. దానికి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి టచ్ అండ్ హోల్డ్ డిలే "లాంగ్" అని పెట్టుకోండి, సగం తలనొప్పి పోతుంది. "నాన్నా నీకు ఫోన్ రాదులే" అనే పిల్లలు ఈ ఒక్క సెట్టింగ్ మార్చి పెట్టి ఆ తర్వాత అనొచ్చు.

ముసలితనమంతా ఏడుపేనా అంటే, కానే కాదు, అదే నా కోపం. పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు, ప్రమోషనెప్పుడు అని అడిగే నోళ్ళు మూతపడతాయి. మధ్యాహ్నం ఆవకాయతో పెరుగన్నం తిని ఫ్యాను కింద కునుకు తీస్తే ఎవడికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నచ్చని పెళ్ళికి వెళ్ళక్కర్లేదు, "మోకాళ్ళు" అంటే చాలు. మనవాళ్ళు ఈ వయసుని పండగలా లెక్కపెట్టారు: 60కి షష్టిపూర్తి, 70కి భీమరథ శాంతి, ఆపైన సహస్ర చంద్ర దర్శనం. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు, వెయ్యి పున్నములంటే 80 ఏళ్ళ 10 నెలలు. వెయ్యి వెన్నెలలు చూసిన మనిషి అని బిరుదు! కేంద్ర పెన్షన్ కూడా ఆ లెక్కకి దగ్గర్లోనే పెరుగుతుంది: 80కి 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి నూరు శాతం అదనం. పుట్టినరోజు ఏ నెలలో వస్తే ఆ నెల ఒకటో తారీకు నుంచే లెక్క. కానీ పాత పీపీఓల్లో చాలామంది భార్యల పుట్టినతేదీ రాసే ఉండదు, తేదీ లేకపోతే పెంపూ రాదు. ఇంట్లో అమ్మమ్మ ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటుంటే ఇవాళే ఆ పుస్తకం తెరిచి చూడండి. లేకపోతే పాన్ కార్డో, పాస్‌పోర్టో, పదో తరగతి సర్టిఫికెట్టో జతచేసి అర్జీ పెట్టించండి.

పెంపు అంటే గుర్తొచ్చింది, తీసేసిన రైలు రాయితీ. దీని గురించి ఎన్నిసార్లు రాసినా చల్లారదు నాకు. మగవాళ్ళకి 60 దాటితే 40 శాతం, ఆడవాళ్ళకి 58 దాటితే 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా అని తీసేశారు. పెద్దవాళ్ళు ప్రయాణాలు చెయ్యకూడదట, వాళ్ళ మంచికేనట. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, రైళ్ళు కిటకిటలాడుతున్నాయి, రాయితీ మాత్రం ఇంకా క్వారంటైన్‌లోనే ఉంది. 2024లో అడిగితే, వంద రూపాయల ప్రయాణానికి అందరి దగ్గరా 54 రూపాయలే తీసుకుంటున్నాం అని జవాబు. అందరికీ ఇచ్చేది రాయితీ ఎలా అవుతుందండీ?

మిగిలింది లోయర్ బెర్త్ కోటా ఒక్కటి. అదీ తెలివిగా వాడాలి. టికెట్ తీసేటప్పుడు కోటా దగ్గర సీనియర్ సిటిజన్ అని విడిగా ఎంచుకోవాలి. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 నిండాలి. ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు, ఆ ఇద్దరూ అర్హులే అయ్యుండాలి. తోడుగా ఉంటాడని పాతికేళ్ళ మనవణ్ణి అదే టికెట్ మీద కలిపారా, తాతగారు అప్పర్ బెర్త్ ఎక్కాల్సి రావొచ్చు. అంటే చూడండి, బ్యాంకులోనేమో తోడు లేకపోతే పని జరగదు, రైల్లోనేమో తోడుంటే కింది బెర్త్ రాదు.

ఆ పెద్దావిడ సంగతి చెప్పలేదు కదూ. కాగితం ఫారం ఇవ్వమని క్యూలో ఉన్న ఇంకో పెన్షనర్ గట్టిగా అడిగితే, లోపలి సొరుగు లోంచి వచ్చింది. ఉంది అక్కడే, పొద్దుట్నుంచీ. ఆవిడ సంతకం పెట్టిన తీరు చూడాల్సింది, ఒక్క అక్షరం వణకలేదు.

నవంబర్ నెలాఖరుకి వెళ్ళేవాళ్ళు పీపీఓ జిరాక్స్, ఆధార్, పాస్‌బుక్, ఫోన్, కళ్ళజోడు సంచిలో పెట్టుకోండి. రసీదు చేతికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. నడవలేనివాళ్ళు పోస్ట్‌మాన్‌ని అడగండి, 70 రూపాయలకి ఇంటికే వచ్చి జీవన్ ప్రమాణ్ చేసి వెళ్తాడు. మీ అబ్బాయిని మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.