తిప్పుడు గుండీ అనే అనాగరికత

ఒక కుటుంబం నాగరికమైనదో కాదో తేల్చడానికి ఇదివరకు చదువు, మర్యాద, ఇంట్లో పుస్తకాలు చూసేవారు. కడపలో ఇప్పుడు ఒక్క ప్రశ్న చాలు: మీ కారులో తెర ఎన్ని అంగుళాలు?

మాది మొన్నటి వరకు సున్నా. కంపెనీ బిగించి ఇచ్చిన పాత టేపు ఉండేది. క్యాసెట్టు దూరే సందు దానికి లేకపోయినా మా తరం టేపనే అంటుంది. దానికో గుండ్రటి గుండీ. కుడికి తిప్పితే శబ్దం పెరిగేది, ఎడమకు తిప్పితే తగ్గేది. రోడ్డు మీద నుంచి చూపు మరల్చకుండా చేత్తో తడుముకుని పని కానిచ్చేవాడిని. ఇంత వెనుకబాటుతనంలో పదకొండేళ్లు బతికానంటే నాకే సిగ్గుగా ఉంది.

కనుక ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణంలో తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. డ్యాష్‌బోర్డులో దాని కోసం ఉన్న చోటు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. జర్మనీ వాళ్ల కొలత ఇది, డబుల్ డిన్ అంటారు. తొమ్మిది అంగుళాలు అందులో పట్టవు. అందుకని ఒళ్లు లోపలికి తోసి, ముఖానికి ఫ్రేము కట్టి బయట కూర్చోబెడతారు, కొత్త అల్లుడిని పీట మీద కూర్చోబెట్టినట్టు.

డబ్బా మీద నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లని రాసి ఉంది. అంటే 200. సెట్టు వెనక ఉన్న ఫ్యూజు మాత్రం 10 ఆంపియర్లది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు లాగితే వచ్చేది 120 వాట్లు. మిగతా 80 వాట్లు ముద్దనూరు థర్మల్ కేంద్రం నుంచి నేరుగా వస్తున్నాయని నా నమ్మకం. (ఒక్క క్షణం గొంతు చించుకున్నప్పటి లెక్కను రోజంతా పాడే లెక్కగా అచ్చు వేస్తారని తెలిసినవాళ్లు అంటారు. తెలిసినవాళ్ల మాట వింటే కొత్త వస్తువు ఎవరు కొంటారు?)

బిగించే కుర్రాడు తీగల విషయంలో వేదాంతి. కారు కదులుతుండగా తెర మీద బొమ్మ రాకూడదని తయారుచేసినవాళ్లు హ్యాండ్‌బ్రేక్‌కు కలపమని ఒక తీగ ఇస్తారు. అతడు దాన్ని తీసుకెళ్లి ఎర్త్‌కు, అంటే కారు ఇనుప ఒంటికి, తగిలించాడు. "ఇక బండి ఎప్పుడూ ఆగే ఉందనుకుంటుంది సార్" అన్నాడు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనక మలుపు తిరుగుతూ, శబ్దం తగ్గించడానికి తెర అంచు వెతుక్కుంటున్నప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది. కదలిక అంతా మాయ. నేనూ, లారీ, లోయ, అన్నీ ఉన్నచోటనే ఉన్నాం.

మామగారికి ఈ తత్వం ఎక్కలేదు. "ఇందులో కడప స్టేషన్ ఎక్కడయ్యా అల్లుడూ?" అని అడిగారు. 1963లో మొదలైన మన ఆకాశవాణి కేంద్రాన్ని పాత సెట్టు మీడియం వేవ్ మీద పట్టేది. కొత్తదానికి ఎఫ్‌ఎం తప్ప మీడియం వేవ్ అన్నదే లేదు. ప్రపంచంలోని పాటలన్నీ వస్తాయి మామయ్యా అన్నాను. వ్యవసాయ కార్యక్రమం వస్తుందా అన్నారు. పాతకాలం మనిషి.

ఇక పసుపు తీగ, ఎరుపు తీగ. పసుపుది ఎప్పుడూ బ్యాటరీతోనే ఉండాలి, గడియారం, స్టేషన్లు మరిచిపోకుండా. ఎరుపుది తాళం తిప్పినప్పుడే మేలుకోవాలి. కంపెనీ తీగలకు సరిపడే కప్లర్, అంటే తీగలు కోయకుండా కలిపే ప్లగ్గు, పెడితే ఏది ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది. కప్లర్ తెప్పించాలంటే రెండు రోజులు పడుతుందట. కుర్రాడు కత్తిరించి, పసుపునూ ఎరుపునూ మెలిపెట్టి, రెంటినీ బ్యాటరీకే అప్పగించాడు. పసుపూ కుంకుమా కలిసి ఉండడం శుభమే కదా అని నేనూ ఊరుకున్నాను. రాత్రి తెర నల్లబడితే నిద్రపోయిందనుకున్నాను. అది కళ్లు మూసుకుని బ్యాటరీ తాగుతోంది.

కారు ఆగే ఉందన్న స్టీరియో నమ్మకం నాలుగో రోజు పొద్దున నిజమైంది. ఒంటిమిట్టకు బయలుదేరాం. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. పక్కింటివాళ్లు నలుగురు వచ్చి తోశారు. సందు చివరిదాకా తోసి, అలిసిపోయి, టీ తాగడానికి వెళ్లారు.

మామగారు దిగలేదు. వెనక సీట్లో కూర్చుని జేబులోంచి చిన్న రేడియో తీశారు. దానికి గుండీ ఉంది.