అల్లరి పుట్టేది ఖాళీ నిమిషాల్లో

మెగా డీఎస్సీ 2025లో ప్రకటించిన పోస్టులు 16,347. వాటికి ఎంపికై విజయవాడ, గుంటూరు బడుల్లో చాక్‌పీస్ పట్టిన కొత్త టీచర్లను ముందుగా కంగారు పెట్టేది పాఠం కాదు, మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో ఎనిమిదో తరగతి గోల. స్టాఫ్‌రూములో దొరికే సలహా సాధారణంగా ఒక్కటే: ‘మొదటి నెల నవ్వకండి మాస్టారూ, బెత్తం కనబడనివ్వండి.’

ఈ సలహా తప్పు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీకీ గుంజీళ్లకీ అందులో మినహాయింపు లేదు. చట్టం మాట అటుంచినా, బెత్తం పనిచేసేది అది కనబడినంతసేపే. తర్వాతి పీరియడ్ టీచరుకు గోల రెట్టింపై చేరుతుంది.

గోల ఎప్పుడు మొదలవుతుందో వారం రోజులు గమనిస్తే చాలు. హాజరు వేస్తున్నప్పుడు, టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడు, బల్ల దగ్గర నోట్సులు దిద్దించుకోవడానికి పిల్లలు వరస కట్టినప్పుడు. అంటే పిల్లల చేతిలో పనిలేని నిమిషాల్లో. అందుకే క్లాసులోకి రాగానే నిన్నటి పాఠంలోంచి రెండు ప్రశ్నలు బోర్డు మీద రాసి, పుస్తకం చూడకుండా జవాబులు రాయమనాలి. హాజరు వాళ్లు రాసే ఆ నాలుగు నిమిషాల్లోనే అయిపోవాలి. బోర్డు మీద రాసేటప్పుడు పక్కకు నిలబడి, రెండు లైన్లకోసారి తలతిప్పాలి. దిద్దుబాటుకు టీచరే ఎర్ర పెన్నుతో బెంచీల మధ్యకు వెళ్లాలి. పీరియడ్‌కు ఎనిమిది పుస్తకాలు చాలు.

చెప్పే తీరులోనూ పొరపాటుంది. ‘పుస్తకం తీయండి, 42వ పేజీ చూడండి, రెండో లెక్క నోట్సులో ఎక్కించండి’ అని ఒక్క గుక్కలో అంటే సగంమంది పక్కవాణ్ని అడుగుతారు. దాన్ని అల్లరిగా లెక్కగట్టి టీచరు అరుస్తారు. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. ప్రశ్న వేశాక కనీసం మూడు సెకన్లు ఆగాలి. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని, ఆ వ్యవధి పెంచితే జవాబు చెప్పేవాళ్లూ పెరుగుతున్నారని 1970లలోనే అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపించారు.

క్లాస్ లీడర్ చేత మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డుమీద రాయించడం వెంటనే మానేయాలి. అది స్నేహాలకూ కక్షలకూ లెడ్జరు అవుతుంది.

ఒక్కడే పదేపదే అల్లరి చేస్తుంటే నలభైమంది ముందు నిలదీయకూడదు; తోటివాళ్ల ఎదుట వాడు తగ్గలేడు. పాఠం ఆపకుండా దగ్గరకెళ్లి వాడి పేజీ మీద వేలుపెట్టి చూపాలి. ఆగకపోతే వాడికి మాత్రమే వినబడేలా, ఇక్కడే రాస్తావా, ముందు బెంచీలో కూర్చుని రాస్తావా అని అడగాలి. ఇంకా ఆగకపోతే బెల్లు కొట్టాక రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి. ఇంటికి చేసే మొదటి ఫోన్ మాత్రం ఫిర్యాదు కాకూడదు. వాడు బాగా చేసిన పనేదో చెప్పడానికి చేయాలి. రెండో ఫోన్‌ను అప్పుడే తల్లిదండ్రులు వింటారు.

గుంటూరు పల్లెల్లో మరో కారణముంది. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలు, అమ్మానాన్నలతో చేలకు వెళ్లే స్థానిక పిల్లలు వారాల తరబడి బడికి దూరమవుతారు. తిరిగి వచ్చేసరికి పాఠం అందదు. చదవలేకపోవడం బయటపడకుండా కొందరు అల్లరి చాటున దాక్కుంటారు. అలాంటి పిల్లవాణ్ని పక్కకు పిలిచి ఐదు లైన్లు చదివించి చూడాలి. తడబడితే వాడికి కావలసింది రోజూ పది నిమిషాల చదువు సాయం. అది ఇంటర్వెల్‌లో కాకుండా బడివేళల్లోనే దొరికేలా హెడ్మాస్టరుతో మాట్లాడి టైంటేబుల్‌లో పెట్టించాలి.