ఇంటిని తిట్టుకునే మాసం

టెక్సస్ తెలుగువాడికి ఏడాదిలో పదకొండు నెలలు తన ఇల్లు ఇంద్రభవనం. మీడియా రూమ్, గేమ్ రూమ్, మెట్ల మీద వేలాడే షాండ్లియర్, అన్నీ వచ్చినవాళ్ల చేత చెప్పులు విప్పించి మరీ చూపిస్తాడు. ఏప్రిల్‌లో ఇళ్లకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి కవరొస్తుంది. "మీ ఇంటి విలువ 6 లక్షల 40 వేల డాలర్లు" అని సర్కారే రాసిస్తుంది. తోడల్లుడు ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒప్పుకోని మాట! సంతోషించాల్సింది పోయి లబోదిబోమంటాడు, ఇంటి పన్ను వేసేది ఆ విలువ మీదే కదా. స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మురిసిపోయి వచ్చినవాడికి ఆ లోటు ఎక్కడ పూడుస్తున్నారో తెలిసొచ్చేది అప్పుడే మరి.

ఇక ఆ పన్నెండో నెలంతా సొంతింటి మీద నిందారోపణే. దానికీ ముహూర్తం ఉంది. కట్టిన విలువ ఎక్కువని ప్రొటెస్ట్ వెయ్యడానికి గడువు మే 15, లేదా నోటీసు మెయిల్ చేసిన నాటి నుంచి 30 రోజులు, రెంటిలో ఏది తర్వాతైతే అది.

తిట్లకు ముందు హోమ్‌స్టెడ్ అనే పన్ను మినహాయింపు సంగతి. సొంతంగా ఉంటున్న ఇంటికి 50-114 ఫారం నింపితే, స్కూల్ పన్ను లెక్కకు విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2025 నవంబరు ఓటింగ్‌కు ముందు ఇది లక్షే. 65 నిండినవాళ్లకు మరో 60 వేలు. ఫారానికి ఫీజు లేదు. ఫీజు కట్టమని ఉత్తరం వచ్చిందంటే అది కౌంటీ నుంచి వచ్చింది కాదు. ఉన్న చిక్కల్లా డ్రైవింగ్ లైసెన్స్ మీద ఈ ఇంటి అడ్రసే ఉండాలి. కిచెన్ గ్రానైట్ కోసం ఊళ్లోని షాపులన్నీ తిరిగిన పెద్దమనిషి లైసెన్స్ మీద ఇంకా పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంటుంది.

హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదు. మహా మహా వీరులంతా బోల్తా పడేది ఇక్కడే. మార్కెట్ విలువ 6,40,000, ఈ 10 శాతం క్యాప్ వల్ల పన్ను పడేది 5,60,000 మీద అనుకోండి. మనవాడు పోరాడి మార్కెట్ విలువను 6,10,000కి దించి వాట్సాప్‌లో పార్టీ ప్రకటిస్తాడు. ఆ ఏడాది పన్ను ఒక్క డాలరు కూడా తగ్గదు! 5,60,000 కిందికి దిగితేనే లెక్క. మన తరఫున ప్రొటెస్ట్ వేసే కంపెనీకి వాటా ఒప్పుకునే ముందు, తగ్గిన విలువ మీదా, నిజంగా తగ్గిన పన్ను మీదా అని కాంట్రాక్టు చదువుకోవాలి.

ప్రొటెస్ట్ ఫారంలో రెండు గళ్లూ టిక్ పెట్టాలి: మార్కెట్ కన్నా ఎక్కువ వేశారని ఒకటి, ఇరుగుపొరుగుతో పోలిస్తే అసమానమని ఇంకొకటి. రెండోది మర్చిపోతే ఆ వాదన ఎత్తే హక్కు పోవచ్చు. అసలు బలం దాంట్లోనే. అదే సబ్‌డివిజన్‌లో, ఇంచుమించు అంతే చదరపు అడుగులు, అదే వయసున్న ఇళ్లు అయిదారు ఏరి, తేడాలు సర్ది, మధ్యస్థ విలువ చూపాలి. అందరి విలువలూ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లోనే బాహాటంగా ఉంటాయి. పెళ్లి సంబంధాలు వాకబు చేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అక్కడే మీ ఇంటి కొలతలూ చూసుకోండి. లేని స్విమ్మింగ్ పూల్, ఎక్కువ లెక్కించిన బాత్రూమ్ దొరికితే పండగే. డిస్ట్రిక్ట్ దగ్గరున్న సాక్ష్యాలూ అడగండి. మీ ప్రొటెస్ట్ వినే అప్రైజల్ రివ్యూ బోర్డు హియరింగ్‌కు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. అడిగినా ఇవ్వనిది అక్కడ వాడుకోకూడదు.

ఇక లోపాలు. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది, దాంతో ఫౌండేషన్ పగులుతుంది. గృహప్రవేశం నాడు ఏ పటం వెనక దాచారో ఆ పగులుకే ఇప్పుడు పక్కన స్కేలు పెట్టి, తేదీ పడేలా ఫోటో తియ్యాలి. రిపేరుకు రెండు మూడు కంపెనీల రాతపూర్వక ఎస్టిమేట్లు జత చెయ్యాలి. కార్పెట్ పాతబడిందంటే జాలిపడరు. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితికి కాబట్టి ఏప్రిల్ వడగళ్లకు రూఫ్ చిల్లులు పడినా ఈ ఏడాది పనికిరాదు. కిందటేడే తక్కువకు కొన్నవాళ్లయితే క్లోజింగ్ స్టేట్‌మెంట్ ఒక్కటి చాలు. ఎక్కువకు కొన్నవాళ్లు దాన్ని తీసుకెళ్లనక్కర్లేదు, ఎందుకంటే టెక్సస్‌లో కొన్న ధర వెల్లడించాలన్న చట్టం లేదు. కానీ అబద్ధం మాత్రం ఆడకండి. బోర్డు ముందు మాట్లాడేది ప్రమాణం చేసి.

ముందు అప్రైజర్‌తో ఇన్‌ఫార్మల్‌గా బేరం. అక్కడ కుదరకపోతే అప్రైజల్ రివ్యూ బోర్డు, పది పదిహేను నిమిషాలు. "పన్ను కట్టలేకపోతున్నాం సార్" అనే కరుణరసం అక్కడ పారదు. వాళ్ల చేతిలో ఉన్నది విలువే, పన్ను రేటు కాదు. మొరపెట్టుకుంటే ఇంకా పెంచేస్తారేమోనన్న భయమూ అక్కర్లేదు, ఉన్నదానికి మించి పెంచే అధికారం బోర్డుకు లేదు. అక్కడా ఓడితే 60 రోజుల్లో ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు కోరడం. హోమ్‌స్టెడ్ ఇంటికి డిపాజిట్ 450 లేదా 500 డాలర్లు. పన్ను రేటు 2 శాతమైతే 30 వేల తగ్గింపుకు మిగిలేది 600. అది చూసుకుని దిగండి.

గెలిచినవాళ్లు గుట్టుగా ఉంటే ఏమీ లాభం లేదు. మీ కొత్త విలువ సైట్‌లోకి ఎక్కేస్తుంది. వచ్చే మేలో పక్కింటాయన తన కొంప ఎంత నాసిరకమో నిరూపించడానికి పట్టుకెళ్లే జాబితాలో మొదటి ఇల్లు మీదే.