మహారాజశ్రీ కోటిపల్లి రైల్‌బస్సు గారికి

మహారాజశ్రీ కాకినాడ–కోటిపల్లి రైల్‌బస్సు గారి దివ్యసముఖానికి,

ద్రాక్షారామం నుంచి మీ పాత ప్రయాణికుడు నమస్కరించి రాసుకునేదేమంటేనండీ, ఇక్కడ మేమంతా క్షేమం. 2020 మార్చిలో కరోనా అని దేశంలో ప్యాసింజర్ బళ్లన్నీ ఆపేసినప్పుడు మీరూ షెడ్డుకి వెళ్లారు. తతిమ్మా బళ్లు ఒక్కోటీ పథ్యం తిని లేచి తిరగడం మొదలెట్టాయి. ఏళ్లు గడిచినా మీకు మటుకు జ్వరం దిగలేదు. ఏ డాక్టరుకి చూపిస్తున్నారో ఏమో గానీ, ఆయన చెయ్యి అంత మంచిది కాదండి.

తిరిగొచ్చిన ప్యాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ అని పేరెట్టి, పది రూపాయల టికెట్టుకి ముప్పై పుచ్చుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దించారు. పెంచినప్పుడు తిట్టుకునే యోగమూ మాకు లేదు, దించినప్పుడు మురిసే యోగమూ లేదు.

మీ వల్ల నష్టం వస్తోందని పెద్దలు సెలవిస్తున్నారు. రాదా మరి! ఉన్నదా ఒకే పెట్టె. గేటొస్తే ఆగాలి. లోపలున్న మనిషి దిగి గేటెయ్యాలి, మీరు దాటాలి, ఆయన గేటు తీసి మళ్లీ వచ్చి ఎక్కాలి. అప్పుడు కదులుతారు. ఇంకాస్త వెళ్లాక ఇంకో గేటు. 45 కిలోమీటర్ల దారిలో ఎదురెదురు సీట్లలో కూచున్న ఇద్దరు కోటిపల్లిలో దిగేసరికి వియ్యంకులైపోవచ్చు. పొద్దున్నే కాకినాడ కాలేజీకి పోవాల్సిన పిల్లలు, జీజీహెచ్ పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాల్సిన ముసలాళ్లు ఈ పెళ్లిచూపులదాకా ఆగలేక ఆటో ఎక్కారు. జనం ఎక్కట్లేదని ఎవరో లెక్క రాశారు. ఆ లెక్క రాసినాయన ఆఫీసుకి మీలో వెళ్లి ఉండడు లెండి.

మీ వంశచరిత్ర కూడా సామాన్యమైంది కాదు. 1928లో మా తాతలు ఈ దారిలోనే రైలెక్కారు. 1940లో యుద్ధం అవసరాలకని తెల్లదొరలు పట్టాలు పీక్కుపోయారు. దొంగబుద్ధే అనుకోండి, కానీ పద్ధతి ఉంది: పట్టాలు లేవు కాబట్టి రైలు లేదు. అరవై ఏళ్లు దాటాక, 2004లో మనవాళ్లు కొత్త పట్టాలు వేశారు. ఇప్పుడు వాటిని అలాగే ఉంచి రైలుని పట్టుకుపోయారు. దొరలకి తట్టలేదండి ఈ తెలివి.

అసలు కోటిపల్లిలో ఆగిపోవడానికి వేసిన లైనా ఇది? బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000–01లో, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్లు మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, గోదారి మూడు పాయలూ దాటాలి. 2002లో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమిలో స్తంభాలు లేచాయి. వాటి మీద ఇప్పటిదాకా రైలు వెళ్లలేదు, కొంగలు వాలుతున్నాయి. రాష్ట్రం వాటా రాలేదని వాళ్లూ, కేంద్రం సరిగా విదల్చలేదని వీళ్లూ. గోడలు లేపి పైకప్పు వెయ్యకుండా, అద్దెకి ఎవరూ దిగట్లేదు ఇల్లు దండగ అన్నట్టుందండి మీ నష్టాల లెక్క.

ఇంకో చోద్యం వినండి. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు మమ్మల్ని కోనసీమలో కలిపారు. కలెక్టరాఫీసు అమలాపురంలో, అంటే ఏటికి అవతల. అర్జీ పట్టుకుని మేం కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరంలో దిగాలి, లేదా యానాం చుట్టి ఎదుర్లంక వంతెన మీద పోవాలి. ఆ రోడ్డు వంతెనకి బాలయోగి గారి పేరే పెట్టారు. అవును, రైలు కోసం ఇచ్చే అర్జీ కూడా ఇలాగే తీసుకెళ్లాలి.

మా కోరికలు పెద్దవేం కాదు. పొద్దున ఏడింటికల్లా కోటిపల్లిలో బయల్దేరి కాలేజీ టైముకి కాకినాడ చేర్చండి, సాయంత్రం ఆరింటికి వెనక్కి తీసుకురండి. శివరాత్రికీ, కార్తీక సోమవారాలకీ ఇంకో పెట్టె తగిలించండి, భీమేశ్వరుడికీ కోటిపల్లి సోమేశ్వరుడికీ దణ్ణం పెట్టుకునేవాళ్లతోనే మీ కడుపు నిండుతుంది. అన్ని గేట్లకీ మనుషుల్ని పెట్టించండి. నరసాపురం సంగతి బడ్జెట్ రోజున పేపర్లో ఎలాగూ చదువుకుంటాం. ఇలా ఒక ఏడాది నడిచి చూపించి, అప్పుడు వెయ్యమనండి నష్టాల లెక్క.

ఇట్లు,
నెలవారీ పాసు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న
మీ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం ఆర్టీసీ బస్సులో కాకినాడ పంపిస్తున్నాను. ఏమీ అనుకోకండి.