నలుగురి పేర్లు, ఒక్కడి కమిట్లు

ఇప్పుడే ఒక ఫైనల్ ఇయర్ టీమ్ ప్రాజెక్ట్ రెపో (కోడ్ అంతా, దాని మార్పుల చరిత్రా దాచే చోటు) తెరిచా. రిపోర్ట్ అట్ట మీద నాలుగు పేర్లు. గిట్ షార్ట్‌లాగ్ కొడితే (ఎవరెన్ని కమిట్లు, అంటే భద్రపరిచిన మార్పులు, చేశారో చూపే చిట్టా అది) దాదాపు అంతా ఒక్కడిదే. రెండోవాడిది ఒకే ఒక్క కమిట్, అదీ రీడ్‌మీలో తన పేరు స్పెల్లింగ్ దిద్దుకున్నది! దీనికి టీమ్‌వర్క్‌లో ఫుల్ మార్కులేసిన మహానుభావులకి దండం.

పైగా "పిల్లలకి కలిసి పనిచేయడం రాదండీ" అని మొత్తుకోళ్లు. నేర్పితే కదా వచ్చేది? రోల్ నంబర్ల వరసలో నలుగుర్ని కట్టగట్టి, సెమిస్టర్ చివర జిప్ ఫైల్ అడిగితే నేర్పినట్టా? ఆఖరి రాత్రి నాలుగు ల్యాప్‌టాప్‌ల కోడ్ ఒకచోట పోస్తారు. లాగిన్ రాసినవాడికి యూజర్ ఐడీ అంకె, డేటాబేస్ రాసినవాడికి స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. ఆ సంగతి తెల్లారుజామున తెలుస్తుంది. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఒకే చోట ఇద్దరూ వేర్వేరుగా మార్చి ఉంటే, "అంతా నాదే ఉంచెయ్" అని పక్కవాడి వారం పని తుడిచేస్తారు. లేదంటే ఆ గొడవ ఉన్నచోట గిట్ పెట్టే ఏడు బాణం గుర్తులు (<<<<<<<) ఫైల్లో అలాగే ఉండిపోతాయి, డెమోలో స్క్రీన్ తెల్లమొహం వేస్తుంది.

మందు తెలియక కాదు. మొదటి వారమే మెయిన్ బ్రాంచ్‌కి (అందరి కోడూ చేరే అసలు ప్రతికి) తాళం వెయ్యండి: నేరుగా పుష్ లేదు, అంటే అందులోకి తోసెయ్యడం కుదరదు, ఇంకొకరు చదివి ఓకే అంటేనే మెర్జ్, అంటే కలపడం. పుల్ రిక్వెస్ట్ ("నా మార్పులు చూసి కలుపు" అనే విన్నపం) 200 లైన్లు దాటనివ్వొద్దు. వెయ్యి లైన్లు పంపితే ఎవడు చదువుతాడు, "బాగుంది" అని నొక్కేస్తాడు. రెండ్రోజులకోసారి కలపాల్సిందే. ఒకరి పని మీద ఒకరి అభిప్రాయం గుట్టుగా, సెమిస్టర్ సగంలోనే తీసుకోండి. చివర్లో తీసుకుంటే అది పోస్ట్‌మార్టం. అలాగని కమిట్లు లెక్కపెట్టి మార్కులేస్తే కామాకో కమిట్ పెడతారు, జాగ్రత్త.

కొందరైతే టీమ్‌కి ఎనిమిది మంది! నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జంటలు 6, ఎనిమిది మందైతే 28. ఆలస్యమైన ప్రాజెక్ట్‌లోకి కొత్తగా మనుషుల్ని దింపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ "ది మిథికల్ మ్యాన్-మంత్" అనే సాఫ్ట్‌వేర్ పుస్తకంలో 1975లోనే రాశాడు. సిలబస్‌లో ఉందిగా అంటారు. ఉంది, ఐదు మార్కుల ప్రశ్నగా.

అసలు నాకు ఏళ్లుగా కాలేది ఇంకొకటి. టీమ్‌లో అమ్మాయి ఉంటే డాక్యుమెంటేషన్, పీపీటీ ఆమెకే. చేతిరాత బాగుంటుందట, టైప్ చేసే పనికి! అందరి కోడూ చదివి అర్థం చేసుకుని రాసేది ఆమె. ఆ రిపోర్ట్ రెపోలోకి ఎక్కదు కాబట్టి షార్ట్‌లాగ్‌లో ఆమె పేరే ఉండదు. స్పెల్లింగ్ దిద్దుకున్నవాణ్ని వదిలేసి, వైవాలో "ఇందులో నువ్వేం చేశావమ్మా?" అని అడిగేది మాత్రం ఆమెనే.